మొనాకో: రేవు నగరపు నిత్యజీవిత దృశ్యాలు

మొనాకో ఫ్రాన్సు ఆగ్నేయ తీరంలో, ఇటలీ సరిహద్దుకు కొద్ది దూరంలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న నగర రాజ్యం. విస్తీర్ణం దాదాపు 2.08 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో దీనికంటే చిన్న దేశం వాటికన్ ఒక్కటే. జనాభా 38 వేల పైచిలుకు. వారిలో మొనాకో పౌరసత్వం ఉన్నవారు సుమారు పదివేల మంది. మిగిలినవారు 130కి పైగా దేశాల నుంచి వచ్చి కాపురముంటున్నవారు. అధికార భాష ఫ్రెంచి, వాడుకలో ఉన్న కరెన్సీ యూరో. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం లేదు గానీ 1993 నుంచి ఐక్యరాజ్యసమితిలో ఉంది. 2005 నుంచి గ్రిమాల్డీ వంశానికి చెందిన రెండవ ఆల్బర్ట్ పాలిస్తున్నాడు.

మొనాకో అనగానే జూదశాల, కార్ల పందెం, హాలీవుడ్ నుంచి రాచకుటుంబానికి కోడలిగా వెళ్లిన గ్రేస్ కెల్లీ గుర్తుకొస్తారు. మూడూ నిజమే. అయితే ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే మామూలు రోజున దాని వీధుల్లో తిరగాలి. అక్కడ ఏ దృశ్యం చూసినా దాని వెనక ఒకే కారణం కనబడుతుంది: చోటు చాలదు. అందుకే ఒక్కో జాగా రెండు మూడు వేషాలు కడుతుంది. బస్సులు తిరిగే రోడ్డు వేసవి మొదట్లో పందెపు బాట అవుతుంది. ఈతకొలను చలికాలంలో గడ్డకట్టిన మంచు మైదానం అవుతుంది. అలలను ఆపే గోడ కడుపులో కార్లు నిలుపుతారు. ఈ ఊరికి మెరుపు డబ్బు తెచ్చిపెట్టిందే కావచ్చు, రూపం మాత్రం ఇరుకు దిద్దినదే.

ఇరుకు వెనక కథ

తీరం పొడవు సుమారు నాలుగు కిలోమీటర్లు. బాగా సన్నబడిన చోట సముద్రానికీ ఫ్రాన్సు సరిహద్దుకూ మధ్య దూరం 350 మీటర్లు ఉంటుంది. వెనక సున్నపురాతి కొండలు నిటారుగా లేస్తాయి. నగరం నెత్తిమీద నిలబడ్డట్టు కనిపించే తేత్ ద షియాఁ శిఖరం ఎత్తు 550 మీటర్లు. అది ఫ్రాన్సులోది. మొనాకో లోపలి అత్యంత ఎత్తయిన చోటు 160 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

కొండ అండతో గాలి తగలని ఈ సహజమైన రేవు గ్రీకు నావికులకు తెలుసు. వారు దీనికి తమ వీరుడు హెరాక్లీసు పేరు పెట్టుకున్నారు. నేటికీ రేవు పేరు పోర్ట్ ఎర్క్యూల్. 1215లో జెనోవావారు కొండ మీద కోట మొదలుపెట్టారు. 1297 జనవరి 8న ఫ్రాంస్వా గ్రిమాల్డీ క్రైస్తవ సన్యాసి వేషంలో కోటలో ప్రవేశించి దాన్ని పట్టుకున్నాడు. రాజచిహ్నంలో కత్తులు పట్టుకున్న ఇద్దరు సన్యాసులు ఆ సంఘటనకు గుర్తు.

నేటి ఇరుకు మాత్రం పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చింది. నిమ్మ, ఆలివ్ తోటలతో రాజ్యానికి ఆదాయం తెచ్చిపెట్టిన మాంటన్, రోక్‌బ్రూన్ 1848లో తిరగబడి విడిపోయాయి. 1861లో పాలకుడు మూడవ చార్లెస్ వాటిని 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్సుకు వదిలేశాడు. దేశపు భూమిలో పదింట తొమ్మిది వంతులకు మించి అలా పోయింది. మిగిలిన రాతిగడ్డ మీద పంట లేదు, పన్ను లేదు. అప్పుడు ప్రభుత్వం పట్టుకున్న దారి జూదశాల. జర్మనీలో జూదశాల నడిపి పేరుపడ్డ ఫ్రాంస్వా బ్లాఁ 1863లో హక్కులు తీసుకుని, సొసియెతే దే బాఁ ద మేర్ అనే సంస్థను నిలబెట్టాడు. 1866లో జూదశాల ఉన్న గుట్టకు చార్లెస్ పేరు మీద మాంటే కార్లో అన్న పేరు వచ్చింది. 1868లో రైలు వచ్చింది. 1869లో నివాసుల మీద ఆదాయపు పన్ను రద్దయింది. ఈ ఆరేడేళ్లలో వేసిన బాటలోనే ఆ దేశం నేటికీ నడుస్తోంది. అయితే ఇప్పుడు ప్రభుత్వ ఆదాయంలో జూదం వాటా చాలా చిన్నది. ఖజానాను నింపేది ప్రధానంగా విలువ ఆధారిత పన్ను. మొనాకోలో ఉంటున్న ఫ్రాన్సు పౌరులకు పన్ను మినహాయింపు వర్తించదు. 1962లో ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ సరిహద్దులో కస్టమ్స్ తనిఖీ పెట్టించి ఒత్తిడి చేయడంతో, 1963లో కుదిరిన ఒప్పందం ఫలితం అది.

ఉదయపు రైలు, వీధి లిఫ్టులు

మొనాకోలో నివసించేవారి కంటే ఉద్యోగం చేసేవారు ఎక్కువ. యాభై వేలకు పైగా ఉన్న ఉద్యోగుల్లో అత్యధికులు ఫ్రాన్సు ఊళ్ల నుంచి, కొందరు ఇటలీలోని వెంటిమిల్యా వైపు నుంచి రోజూ వచ్చిపోయేవారే. వంటవాళ్లు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, తాపీ మేస్త్రీలు, తోటమాలులు, హోటల్ గదులు సర్దే ఆడవాళ్లు: ఈ ఊరిని నడిపే చేతులన్నీ పొద్దున రైలు దిగి, సాయంత్రం రైలెక్కుతాయి. నా ఉద్దేశంలో మొనాకోలో తప్పక చూడవలసిన మొదటి దృశ్యం ఇదే. పడవల ఫొటోల్లో ఈ జనం కనిపించరు. వీళ్లు ఒక్కరోజు రాకపోతే హోటళ్లలో పరుపులు మారవు, వంటిళ్లలో పొయ్యి వెలగదు.

రైల్వే స్టేషను కొండ లోపల ఉంది. 1999లో పట్టాలను సొరంగంలోకి మార్చారు. పైన ఖాళీ అయిన నేల ఇళ్లకూ కార్యాలయాలకూ పనికొచ్చింది. ఒకే స్టేషనుకు వేర్వేరు ఎత్తుల్లో దారులున్నాయి. ఒకటి రేవు దగ్గర తేలుతుంది, ఇంకొకటి ఎన్నో అంతస్తుల పైన మరో వీధిలో తేలుతుంది. కొత్తవాళ్లు తప్పు దారిలో బయటికొచ్చి, రేవు కాళ్ల కింద ఎక్కడో కనబడుతుంటే దిక్కులు చూడటం రోజూ జరిగేదే.

ఆ కష్టం తీర్చేవి వీధి లిఫ్టులు. డెబ్భైకి పైగా ఉన్న ఈ లిఫ్టులకు తోడు ఎస్కలేటర్లు, కదిలే నడక బాటలు కూడా ఉన్నాయి. అన్నీ ఉచితం. రాతిలో తొలిచిన లిఫ్టు ఎక్కితే ఒక వీధి నుంచి పై వీధికి చేరతాం. అక్కడినుంచి రోడ్డు దాటితే ఇంకో లిఫ్టు. కూరగాయల సంచితో ముసలమ్మ, బడి సంచితో పిల్లవాడు, సూటు వేసుకున్న బ్యాంకు మేనేజరు, సామాన్లు మోసే కుర్రాడు ఒకే లిఫ్టులో ఇరుక్కుని నిలబడతారు. 'బోంజూర్' అని పలకరించుకుని దిగిపోతారు. ఈ దేశంలో ధనికుడూ కూలీ భుజాలు రాసుకునే చోటు ఇది, అందుకే దీనికి ఇంత చోటిచ్చాను.

పై వరస వీధుల్లో సరిహద్దు రోడ్డు మధ్యలోంచి పోతుంది. ఒక పక్క కాలిబాట మొనాకో, ఎదుటి కాలిబాట ఫ్రాన్సులోని బోసొలేయ్ పట్టణం. తనిఖీలేమీ ఉండవు. రోడ్డు దాటి రొట్టె కొనుక్కుని వస్తే పరదేశం వెళ్లివచ్చినట్టే.

రేవు

పోర్ట్ ఎర్క్యూల్‌లో ఏడు వందల దాకా పడవలు పట్టే చోటుంది. ఒక దరిని చిన్న చిన్న పడవలు, మరో దరిని నాలుగైదు అంతస్తుల యాట్‌లు. పడవ వెనక భాగాన దాని పేరు, దాని కింద అది నమోదైన ఊరి పేరు రాసి ఉంటాయి. జార్జ్ టౌన్, వలెట్టా, హామిల్టన్ లాంటి పేర్లు వరసగా కనిపిస్తాయి. యజమాని ఏ దేశస్థుడైనా, కేమన్ దీవులు, మాల్టా, బెర్ముడా లాంటి చోట్ల నమోదు చేయించడం యాట్‌ల లోకంలో రివాజు.

పొద్దున్నే రేవుకు వెళితే యజమానులు కనిపించరు. కనిపించేది సిబ్బంది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న కుర్రాళ్లు ఉప్పునీటి మరకలు మిగలకుండా మంచినీళ్లతో డెక్కు కడిగి, వెంటనే మెత్తని తోలుగుడ్డతో ఒత్తి తుడుస్తారు. నీటిబొట్టు ఎండలో ఆరితే మచ్చ పడుతుంది కాబట్టి ఎండ ఎక్కకముందే పని ముగించాలి. పడవలోకి వేసిన సన్నని వంతెన మొదట్లో నేలమీద ఒక బుట్ట ఉంటుంది. ఎంత గొప్ప అతిథి అయినా చెప్పులు అందులో విడిచి, వట్టికాళ్లతో టేకు డెక్కు ఎక్కాలి.

ఈ రేవుకు ఒక లోపం ఉండేది. తూర్పు నుంచి తుఫాను వస్తే అలలు నేరుగా లోపలికి చొచ్చుకొచ్చేవి. బయట సముద్రం బాగా లోతు. అడుగు నుంచి రాళ్లు పోసి గోడ కట్టడం అయ్యే పని కాదు. దానికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం తేలే గోడ. 352 మీటర్ల పొడవు, 1,63,000 టన్నుల బరువున్న కాంక్రీటు దిమ్మెను స్పెయిన్‌లోని అల్హెసీరాస్‌లో పోతపోసి, 2002 ఆగస్టులో సముద్రం మీద లాక్కొచ్చారు. ఒక కొసను పెద్ద ఉక్కు గుండు కీలుతో ఒడ్డుకు బిగించారు. రెండో కొసను గొలుసులతో సముద్రపు అడుగుకు లంగరు వేశారు. అలకు గోడ కొద్దిగా కదులుతుంది, కానీ తన చోటు వదలదు. లోపల అంతస్తులుగా కార్ల పార్కింగ్ ఉంది. బయటి పక్కన విహార నౌకలు ఆగుతాయి. గోడ మీద సాయంత్రాలు జనం షికారు చేస్తారు, గాలం వేస్తారు. తమ కాళ్ల కింద కార్లున్నాయని, గోడ నీటిలో తేలుతోందని నడిచేవారిలో చాలామందికి తట్టదు. మొనాకో కట్టుకున్న వాటన్నిటిలో నాకు గొప్పగా తోచేది ఇదే.

రేవు ఒడ్డున మునుపటి పాలకుడు మూడవ రేనియర్ పేరుమీద ఉన్న ఈతకొలను ఊరి పిల్లలందరిదీ. వేసవిలో సముద్రపు నీళ్లు నింపి వేడిచేస్తారు. సముద్రపు నీటి వెచ్చదనాన్ని హీట్ పంపులతో లాగి వాడుకోవడం మొనాకోలో 1963లోనే మొదలైంది. డిసెంబరులో అదే చోట నీటిని గడ్డకట్టించి స్కేటింగ్ పెడతారు. పక్కన క్రిస్మస్ అంగళ్లు వెలుస్తాయి. శరదృతువులో రంగులరాట్నాలు దిగుతాయి. వేసవిలో ఇసుక పోసి గుర్రాల గెంతుడు పోటీలు జరుపుతారు. సెప్టెంబరులో 1991 నుంచి జరుగుతున్న యాట్ ప్రదర్శనకు రేవంతా నిండిపోతుంది. ఏడాదిలో ఏ నెల వెళ్లినా అక్కడ ఏదో ఒకటి విప్పుతూనో బిగిస్తూనో పనివాళ్లు కనిపిస్తారు. రేవు ఒక దరి నుంచి ఎదుటి దరికి చుట్టూ నడిచే ఓపిక లేనివారికి కరెంటుతో నడిచే చిన్న రేవుపడవ ఉంది. అది కూడా ఊరి బస్సు లాంటిదే, టికెట్టు కొని ఎక్కాలి.

సంత, తిండి

రేవు వెనక లా కొండమీన్ పేట ఉంది. అక్కడ ప్లాస్ దార్మ్ చౌకులో 1880 నుంచి సంత నడుస్తోంది. ఆరుబయట తోరణాల కింద పూలు, పళ్లు, కూరగాయలు. లోపల కప్పు కింద తినుబండారాల అంగళ్లు. మాంటే కార్లోలో కాఫీకి పెట్టే డబ్బుతో ఇక్కడ భోజనమే చేయవచ్చు. అందుకే మధ్యాహ్నం బల్లల దగ్గర తాపీ పనివాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదార్లు కలిసి కూర్చుంటారు.

ఈ తీరమంతా తినే చిరుతిండి సొక్కా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి జారుగా చేసి, వెడల్పాటి పెద్ద పళ్లెంలో పలచగా పోసి, బాగా కాగిన పొయ్యిలోకి తోస్తారు. పైన అక్కడక్కడ నల్లగా కాలి, అంచు కరకరలాడి, లోపల మెత్తగా ఉండగా బయటికి తీసి, గరిటెతో గీకి ముక్కలుగా కాగితంలో పెట్టి, మిరియాలపొడి చల్లి ఇస్తారు. చేత్తోనే తినాలి, వేడిమీదే తినాలి. తెలుగువారికి ఇది మన శనగపిండి అట్టుకు చుట్టంలా అనిపిస్తుంది. పచ్చిమిర్చి, అల్లం పడలేదన్న లోటు తప్ప.

మొనాకోవారు తమదని గర్వంగా చెప్పుకునేది బార్బజువాన్. బచ్చలిలాంటి ఆకుకూర, రికోటా జున్ను కూరి నూనెలో వేయించిన చిన్న కజ్జికాయ లాంటి పిండివంట. నవంబరు 19న వచ్చే జాతీయ దినోత్సవానికి ఇది ఉండి తీరాలి, మామూలు రోజుల్లో సంతలో దొరుకుతుంది. స్తోకాఫీ అనే పులుసును ఎండుచేపతో చేస్తారు. నార్వే నుంచి వచ్చే కర్రలాంటి ఎండు కాడ్ చేపను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, టమాటా, ఆలివ్ కాయలు వేసి ఉడికిస్తారు. సముద్రం పక్కనే పెట్టుకుని ఉత్తరాది ఎండుచేప తినడం వింతగా ఉంటుంది కానీ, పాతకాలపు నావికుల వ్యాపారం ఈ వంటింట్లో మిగిల్చిన గుర్తు అది. పండుగ తీపి ఫుగాస్. నారింజ పూల నీరు, సోంపు వాసనతో ఉంటుంది.

కొండమీది పాత ఊరు

అరవై మీటర్ల ఎత్తు రాతిబండ మీద పాత పట్టణం ఉంది; ఊరివాళ్లు దాన్ని 'రోషే' అంటే రాయి అని పిలుస్తారు. వీధి పేర్లు రెండు భాషల్లో ఉంటాయి: ఒకటి ఫ్రెంచి, ఇంకొకటి మొనాకో నుడి. ఇది ఇటలీ తీరపు లిగూరియా మాటలకు దగ్గరైన భాష. ముసలివాళ్లతోపాటే పోతుందని భయపడ్డ ఈ భాషను 1976 నుంచి బడుల్లో నేర్పుతున్నారు. ఇందులో మొదటి సాహిత్య రచన 1927లో లూయీ నొతారీ రాసిన సెయింట్ దెవోత్ గాథ. జాతీయగీతం పాడేదీ ఈ భాషలోనే. చిన్న భాషలకు బడి ఎంత అండో చెప్పడానికి మొనాకో మంచి ఉదాహరణ.

రాజభవనం ముందు చౌకులో రోజూ 11 గంటల 55 నిమిషాలకు కాపలా మారుతుంది. కాపలా కాసే కరాబినియే దళం 1817లో ఏర్పడింది. వంద పైచిలుకు ఉండే ఈ సిపాయిల్లో ఎక్కువమంది ఫ్రాన్సు దేశస్థులు. వేసవిలో తెల్లని దుస్తులు, చలికాలంలో ముదురు రంగువి. ప్రదర్శన ముగియగానే పర్యాటకుల గుంపు చెదిరి ఫలహారశాలల మీద పడుతుంది; పాత ఊరి ఇరుకు సందులు ఆ గంటసేపు కిటకిటలాడతాయి. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక అదే సందుల్లో కిటికీలోంచి కిటికీకి మాటలు వినిపిస్తాయి.

కథీడ్రల్‌లో గ్రేస్ కెల్లీ సమాధి ఉంది. 1956 ఏప్రిల్ 19న పెళ్లి జరిగింది ఇక్కడే. కారు ప్రమాదం తర్వాత 1982 సెప్టెంబరులో ఆమెను ఖననం చేసిందీ ఇక్కడే. నేలలో పరిచిన సాదా పలక మీద ఎవరో ఒకరు ఉంచిన పువ్వులు ఎప్పుడూ ఉంటాయి.

కొండ అంచున సముద్రంలోంచే లేచినట్టు నిలబడి ఉన్న సముద్ర విజ్ఞాన ప్రదర్శనశాల 1910లో తెరుచుకుంది. దాన్ని కట్టించిన పాలకుడు మొదటి ఆల్బర్ట్ సముద్రయానాలు చేసిన శాస్త్రజ్ఞుడు. 1901లో ఆయన ఓడ మీద షార్ల్ రిషె, పాల్ పోర్తియే మొదలుపెట్టిన విషాల పరిశోధన అనఫిలాక్సిస్ అనే తీవ్రమైన ఎలర్జీని బయటపెట్టింది. రిషెకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. తేనెటీగ కుట్టినా, మందు పడకపోయినా నేడు ఆసుపత్రిలో వెంటనే గుర్తుపట్టగలుగుతున్న ప్రమాదానికి పేరు పుట్టింది ఆ పరిశోధనలోంచే. 1957 నుంచి 1988 వరకు ఈ ప్రదర్శనశాలకు సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో అధిపతి. బడి పిల్లలు అద్దాలకు ముక్కులు ఆనించి జెల్లీఫిష్‌లు చూస్తుండటం ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యం.

జూదశాల ముందు చౌకు

మాంటే కార్లో చౌకు మొనాకోలో అందరికీ తెలిసిన బొమ్మ. ఒకవైపు జూదశాల; దాన్ని ఆనుకుని పారిస్ ఒపెరా వాస్తుశిల్పి షార్ల్ గార్నియే కట్టిన, 1879లో తెరిచిన ఒపెరా. మరోవైపు 1864 నాటి ఓటెల్ ద పారి, ఎదుట కఫే ద పారి. మధ్య తోటలో ముంబయిలో పుట్టిన శిల్పి అనీశ్ కపూర్ చేసిన పెద్ద పుటాకార అద్దం 'స్కై మిర్రర్' ఆకాశాన్ని, భవనాలను కిందికి దింపి చూపిస్తుంది.

చౌకులో ఎక్కువ మంది జూదానికి వచ్చినవారు కారు. కెమెరాలు పట్టుకున్న కుర్రాళ్లు ఖరీదైన కార్ల కోసం గంటల తరబడి కాచుకుని ఉంటారు. తెల్ల పలక మీద నీలి అక్షరాలున్న చిన్న నంబరు ప్లేటు కనబడితే అది స్థానికుడి కారు. హోటలు ముందుగదిలో పద్నాలుగవ లూయీ గుర్రంమీద ఉన్న కంచు విగ్రహం ఉంది. జూదానికి వెళ్లేముందు గుర్రం మోకాలు తడిమితే కలిసొస్తుందని నమ్మకం. విగ్రహమంతా ముదురు రంగులో ఉంటే, లేచిన ఆ ఒక్క మోకాలు మాత్రం తరాల చేతులు తగిలి బంగారంలా నున్నగా మెరుస్తుంది. జూదశాల లోపల జరిగేదానికి ఈ తడమడానికి సంబంధం లేదని 1913 ఆగస్టు 18 రాత్రి ఇక్కడి రూలెట్ బల్ల నేర్పింది. గోళీ వరసగా 26 సార్లు నలుపులో పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందెం పెంచుకుంటూ పోయినవారంతా మునిగిపోయారు. గణిత పాఠాల్లో జూదరి భ్రమకు ఇప్పటికీ ఆ రాత్రినే ఉదాహరణగా చెబుతారు.

మొనాకో పౌరులకు ఈ జూదశాలలో ఆడటం నిషిద్ధం. సొంత ప్రజలను జూదం నుంచి కాపాడుకుంటూ రాజ్యం నడుపుకోవడం మూడవ చార్లెస్ కాలం నుంచీ ఉన్న కట్టడి. అది సరైన కట్టడి అనే చెప్పాలి.

ఊరే పందెపు బాట

మొనాకో గ్రాండ్ ప్రి మొదట 1929 ఏప్రిల్ 14న జరిగింది. బుగాటి కారుతో విలియం గ్రోవర్ విలియమ్స్ గెలిచాడు. బాట 3.337 కిలోమీటర్లు, 78 చుట్లు. ఇది వేరే మైదానం కాదు, రోజూ బస్సులు నడిచే రోడ్లే. రేవు పక్కన బయలుదేరి, సెయింట్ దెవోత్ గుడి దగ్గర మలుపు తిరిగి, జూదశాల చౌకు దాకా ఎక్కి, మరో హోటలు ముందు వెంట్రుకపిన్నులాంటి వంపు తిరిగి, సొరంగంలోంచి మళ్లీ రేవుకు దిగుతుంది. అడ్డుగోడలు, మెట్ల గ్యాలరీలు బిగించడానికి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఊరివాళ్లు కంచెల మధ్య దారులు వెతుక్కుంటూ ఆఫీసుకు వెళతారు. సాయంత్రం అభ్యాసం ముగిశాక రోడ్లు మళ్లీ తెరుస్తారు; మధ్యాహ్నం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన చోట రాత్రి జనం నడుస్తారు.

ఇరుకు ఎంతటిదంటే 1955లో అల్బెర్తో అస్కారి కారుతో సహా రేవు నీళ్లలో పడి, ఈదుకుంటూ బయటపడ్డాడు. అయర్టన్ సెనా ఇక్కడ ఆరుసార్లు గెలిచాడు. 2024లో షార్ల్ లెక్లేర్ గెలిచినప్పుడు ఊరంతా కంటతడి పెట్టింది: 1931లో లూయీ షిరోన్ తర్వాత సొంతగడ్డ మీద గెలిచిన మొనాకో బిడ్డ అతనే. చిన్నప్పుడు బడికి వెళ్లిన వీధుల్లోనే గెలవడం మరే ఫార్ములా వన్ నగరంలోనూ ఇంత సూటిగా సాధ్యపడేది కాదు. తెలుగు పాఠకులకు ఒక సంబంధం: 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల ఫార్ములా ఇ పోటీ, మొనాకో వీధుల్లో జరిగిన పోటీ ఒకే ఛాంపియన్‌షిప్‌లో భాగం.

సముద్రం నుంచి తెచ్చుకున్న నేల

భూమి కొనే వీలు లేని దేశం సముద్రం పూడ్చుకుంది. మూడవ రేనియర్ కాలంలో పశ్చిమాన ఇరవై హెక్టార్లకు పైగా పూడ్చి ఫాంవియెయ్ పేట కట్టారు. అక్కడ హెలిపోర్టు, గ్రేస్ పేరున గులాబీ తోట, 1985 నాటి రెండవ లూయీ స్టేడియం ఉన్నాయి. ఫ్రాన్సు లీగులో ఆడే ఏఎస్ మొనాకో జట్టు మైదానం అదే. పచ్చిక కింద కార్ల పార్కింగ్, పక్కన ఈతకొలను. ఆ పేటలోనే అంతస్తుల మీద అంతస్తులుగా కర్మాగారాలున్నాయి. సౌందర్య సాధనాలు, మందులు, ప్లాస్టిక్ విడిభాగాలు తయారవుతాయి. మొనాకోలో ఫ్యాక్టరీ కార్మికులున్నారంటే వినేవాళ్లు ఆశ్చర్యపోతారు.

తాజా పేట మారెటెర్రా 2024 డిసెంబరులో ప్రారంభమైంది. ఆరు హెక్టార్లు. ఒక్కొక్కటి పదివేల టన్నుల బరువున్న 18 కాంక్రీటు పెట్టెలను వరసగా సముద్రంలో దించి, లోపల ఇసుక నింపారు. పని మొదలుకాకముందు సముద్రపు అడుగున ఉన్న పొసిడోనియా గడ్డిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటారు. శ్రద్ధ మెచ్చుకోదగిందే. కానీ అక్కడ కట్టిన ఇళ్లు సామాన్యులకోసం కావు. మొనాకోలో ఇంటి ధర సగటున చదరపు మీటరుకు 50 వేల యూరోలు దాటింది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన చోట్లలో ఇది ఒకటి. సొంత పౌరులు ఊళ్లో ఉండగలుగుతున్నారంటే ప్రభుత్వం కట్టి తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్ల వల్లనే. రోజూ రైలెక్కి వచ్చే వంటవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇంత చక్కగా నడిచే ఊళ్లో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

పడవను కాల్చే రాత్రి

ఏడాదిలో మొనాకోవారు పూర్తిగా తమకోసం జరుపుకునే పండుగ జనవరి 26, 27 తేదీల్లో వస్తుంది. సెయింట్ దెవోత్ ఈ దేశపు రక్షకురాలు. కోర్సికా దీవిలో సుమారు 304లో ఆమెను చంపారని, శవాన్ని తీసుకెళుతున్న పడవ తుఫానులో చిక్కితే పావురం ఒకటి దారి చూపి ఇక్కడి లోయ మొదట్లో చేర్చిందని గాథ. ఆ తర్వాతి కాలంలో ఆమె అస్థికలను దొంగిలించినవారిని పట్టుకుని వాళ్ల పడవను తగలబెట్టారంటారు. దానికి గుర్తుగా 26 సాయంత్రం గుడి ముందు రాచకుటుంబం కాగడాలతో ఒక పడవకు నిప్పంటిస్తుంది. మంట ఎగసేకొద్దీ జనం వెనక్కి జరుగుతారు. పిల్లలను భుజాలమీదికి ఎత్తుకుంటారు. మర్నాడు ఊరేగింపు, సముద్రానికి ఆశీస్సులు. ఇది పర్యాటకుల కాలం కాదు, చలి. ఆ రాత్రి రేవులో వినబడే మాటల్లో పాత మొనాకో నుడి కాస్త ఎక్కువే ఉంటుంది.

వెళ్లదలచినవారికి

షెంగెన్ వీసాతో ఫ్రాన్సులో ఉన్నవారు మొనాకోకు వేరే అనుమతి లేకుండా వెళ్లవచ్చు. నీస్ నుంచి రైల్లో పాతిక నిమిషాల లోపే. ప్రతి వందమంది నివాసులకు ఒకరికి మించి పోలీసులు, అడుగడుగునా కెమెరాలు ఉంటాయి; చొక్కా లేకుండా, ఈత దుస్తులతో వీధుల్లో తిరగనివ్వరు.  వేసవిలో లార్వొట్టో బీచి అందరికీ ఉచితం. కార్ల పందెం వారాన్ని తప్పించి ఏదైనా పనిరోజు ఎంచుకోండి, ఉదయం ఎనిమిది లోపు రైలు దిగండి. స్టేషను, రేవు, సంత, కొండమీది ఊరు: ఈ నాలుగూ మధ్యాహ్నానికల్లా నడిచే చూడవచ్చు, లిఫ్టులు ఎలాగూ ఉన్నాయి.